పిల్లల మంకుతనం వెనుక జబ్బు: నర్సింగ్ పరిశోధన పల్లెకు చేరేదెప్పుడు?

విజయవాడ: పిల్లవాడు మన్ను తిన్నా, పక్క తడిపినా, గుక్కపట్టి ఏడ్చి నీలం తిరిగినా, బడిలో ఒక్కచోట కూర్చోకపోయినా కృష్ణా డెల్టా పల్లెల్లో తరచు వినిపించే మాట ఒక్కటే: "వీడి బుద్ధే అంత." ముందు దెబ్బలు పడతాయి. దెబ్బలకు లొంగకపోతే దిష్టి తీయిస్తారు, తాయెత్తు కట్టిస్తారు. అదీ కాకపోతే కొన్ని ఇళ్ళలో వాతల దాకా వెళ్తుంది. ఈ తిరుగుడంతా అయ్యేసరికి రెండు మూడేళ్ళు గడిచిపోతాయి. ఆ తరువాత గాని పిల్లవాడు డాక్టరు గడప తొక్కడు. మాట, నడవడిక కుదురుకునే ఆ రెండు మూడేళ్ళే చికిత్సకు అన్నిటికంటె అనువైన కాలం కావడం గమనార్హం.

పిల్లల ప్రవర్తనలో వచ్చే లోపాలను గుర్తించడం, వాటి గురించి ఇంటివారికి తెలియజెప్పడం అనే విషయంపై నర్సింగ్ కళాశాలల్లో ఏళ్ళ తరబడి పరిశోధన జరుగుతూనే ఉంది. ఆ పరిశోధనకు కేంద్రం మరెక్కడో లేదు. విజయవాడలోనే ఉంది. అయినా ఆ ఫలితం పక్కనున్న ఊళ్ళకు చేరకపోవడమే విచారించదగిన సంగతి.

గ్రంథాలు అల్మరాల్లో

1986లో విజయవాడ కేంద్రంగా ఏర్పడి, నేడు ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంగా ఉన్న సంస్థకు అనుబంధంగా రాష్ట్రంలోని నర్సింగ్ కళాశాలలు పనిచేస్తున్నాయి. ఎం.ఎస్.సి. నర్సింగ్ రెండేళ్ళ చదువు. అందులో ప్రతి విద్యార్థీ ఏదో ఒక అంశంపై పరిశోధన చేసి గ్రంథం సమర్పించాలి. పిల్లల ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, సామాజిక ఆరోగ్యం చదివేవారు తరచు ఎంచుకునే అంశాలలో 'పిల్లల ప్రవర్తనా లోపాలపై తల్లుల అవగాహన' ఒకటి.

పద్ధతి చాలావరకు ఒకేలా ఉంటుంది. విద్యార్థిని ఒక ఊరికో, పట్నంలోని ఒక పేటకో వెళ్తుంది. 60 మందినో, 100 మందినో తల్లులను ఎంచుకుంటుంది. ముప్పై నలభై ప్రశ్నలున్న కాగితం ఇస్తుంది. చదువురాని వారికి తానే చదివి వినిపిస్తుంది. వచ్చిన మార్కులు రాసుకుంటుంది. ఆ తరువాత బొమ్మల చార్టులు చూపి ముప్పావుగంట పాఠం చెబుతుంది. వారం రోజులకు మళ్ళీ వచ్చి అవే ప్రశ్నలు అడుగుతుంది. రెండవసారి మార్కులు పెరుగుతాయి. బోధన వల్ల తల్లుల అవగాహన హెచ్చిందని గ్రంథంలో తేలుస్తారు. గ్రంథం అట్టకట్టి కళాశాల అల్మరాలో చేరుతుంది. విద్యార్థినికి పట్టా వస్తుంది. ఆ ఊరి తల్లులు మాత్రం ఆమెను మళ్ళీ చూడరు.

ఈ పని వృథా అనడానికి వీలులేదు. తల్లికి ముప్పావుగంట సేపు అర్థమయ్యే భాషలో చెబితే ఆమె గ్రహిస్తుందని ఇన్ని గ్రంథాలు మళ్ళీ మళ్ళీ చూపుతున్నాయి. చదువురానివారికి చెప్పినా లాభం లేదనే మాట దీనితో చెల్లకుండా పోయింది. ఇక మిగిలిన ప్రశ్న, ఆ ముప్పావుగంట పాఠం పరీక్ష కోసమే చెప్పాలా, ఊరి కోసం చెప్పకూడదా అన్నదే.

అల్లరి వేరు, జబ్బు వేరు

అల్లరి చేయని పిల్లవాడు ఉండడు. రెండు మూడేళ్ళ వయసులో మారాం చేయడం, బొటనవేలు చీకడం, కొత్తవారిని చూస్తే తల్లి కొంగు చాటున దాగడం ఎదుగుదలలో భాగమే. ఆ వయసు దాటినా తగ్గకుండా, నెలల తరబడి సాగుతూ, తిండికో నిద్రకో చదువుకో తోటిపిల్లలతో ఆటకో అడ్డు తగిలినప్పుడే దానిని లోపంగా చూడాలని వైద్యశాస్త్రం చెబుతోంది.

ఉదాహరణకు కుదురులేనితనం తీసుకుందాం. ఇంట్లో అల్లరిచేసి బడిలో బుద్ధిగా కూర్చునే పిల్లవానికి జబ్బు లేనట్టే లెక్క. ఇల్లు, బడి, బంధువుల ఇల్లు అనే తేడా లేకుండా కనీసం ఆరు నెలలపాటు ఏ పనిమీదా మనసు నిలపలేకపోతే, అది పన్నెండేళ్ళ లోపే మొదలైతే, అప్పుడు డాక్టరుకు చూపించాలి.

అలాగే పేరు పెట్టి పిలిస్తే ఏడాది నిండినా తిరిగి చూడని బిడ్డ, కళ్ళలోకి చూడని బిడ్డ, 16 నెలలకు ఒక్క మాటైనా రాని బిడ్డ, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి పలకని బిడ్డ, వచ్చిన మాటలు పోగొట్టుకున్న బిడ్డ విషయంలో ఆలస్యం తగదు. 'వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి' అని మామ్మలు ధైర్యం చెప్పడం మామూలే. కొందరి విషయంలో ఆ మాట నిజం కావచ్చు. కాని చెవి పరీక్ష చేయించకుండా ఆ ధైర్యంతో కాలం గడపడం ప్రమాదం. చెవి సరిగా వినపడని పిల్లవాడే 'మాట వినని పిల్లవాడు'గా దెబ్బలు తినే సందర్భాలు ఉంటాయి. పాఠం మధ్యలో కొన్ని క్షణాలు చూపు నిలిచిపోయి, మళ్ళీ ఏమీ జరగనట్టు సర్దుకునే పిల్లను పరధ్యానం అని తిడతారు. అది ఒక రకం మూర్ఛ కావచ్చు. దానికి మందులున్నాయి.

మన్ను, బలపాలు తినే పిల్లలు

డెల్టాలో పచ్చని పొలాలున్నా పిల్లల ఒంట్లో రక్తం చాలడం లేదు. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుండి ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. దీనికి, ప్రవర్తనకు సంబంధం ఏమిటని చదువరులకు సందేహం రావచ్చు. రెండేళ్ళు దాటిన పిల్లలు మన్ను, బలపాలు, సున్నపు పెళ్ళలు, బొగ్గు, పచ్చిబియ్యం తినడానికి ఇనుము లోపం ఒక ముఖ్య కారణం. మన్నుతోపాటు నులిపురుగుల గుడ్లు లోపలికి పోతాయి. పురుగులు రక్తాన్ని మరింత తగ్గిస్తాయి. రక్తం తగ్గినకొద్దీ మన్నుమీద మనసు పెరుగుతుంది. ఈ గానుగ తిరుగుతూనే ఉంటుంది.

కోపం వచ్చినప్పుడు గుక్క తిప్పుకోలేక నీలం తిరిగే పిల్లల్లో కూడా రక్తహీనత ఉంటే ఇనుము మందుతో ఆ గుక్కలు తగ్గడం డాక్టర్లు గమనించారు. చేతికి వాతపెట్టడమో, నోట్లో కారం కొట్టడమో చేయవలసిన అవసరం లేదు. ఆ పిల్లవానికి కావలసింది రక్తపరీక్ష, ఇనుము మందు, నులిపురుగుల మాత్ర. ఈ మూడూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇవ్వడానికి పథకాలున్నాయి. ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో అంగన్‌వాడీల్లో, బడుల్లో నులిపురుగుల మాత్రలు మింగిస్తున్నది ఇందుకే. మన్ను తినడానికి, ఆ మాత్రకు గల సంబంధం తెలియని తల్లి మాత్రం ఆ రోజు బిడ్డను బడికి పంపకుండా ఇంట్లోనే ఉంచుకోవచ్చు.

పక్క తడిపితే తిట్లేనా?

పక్క తడపడం అనేక ఇళ్ళలో గుట్టుగా దాచే సమస్య. ఐదేళ్ళలోపు పిల్లల విషయంలో దీనిగురించి బెంగపడనక్కరలేదు. ఐదేళ్ళ వయసులో నూటికి సుమారు 15 మంది పిల్లలు పక్క తడుపుతారని లెక్క. వయసు పెరిగేకొద్దీ చాలామందికి అదే పోతుంది. పిల్లవాడు కావాలని చేసే పని కాదిది. నిద్రలో జరిగేది. నలుగురిలో నవ్వులపాలు చేసినందువల్ల, తడి గుడ్డలు వీధిలో అందరికీ కనపడేటట్లు ఆరవేసినందువల్ల తగ్గకపోగా భయంతో హెచ్చుతుంది.

పొద్దువాలాక నీళ్ళు, టీ తగ్గించడం, పడుకునే ముందు మూత్రానికి పంపడం, మలబద్ధకం ఉంటే దానికి వైద్యం చేయించడం, పక్క పొడిగా ఉన్ననాడు మెచ్చుకోవడం ఇంట్లో చేయదగిన పనులు. ఆరు నెలలకుపైగా పక్క తడపడం మానిన పిల్లవాడు మళ్ళీ మొదలుపెడితే మాత్రం వెంటనే మూత్రపరీక్ష, చక్కెర పరీక్ష చేయించాలి. పిల్లల మధుమేహం ఒక్కొక్కసారి ఇలాగే బయటపడుతుంది. అవి లేకపోతే ఇంట్లో గొడవ, తండ్రి తాగుడు, బడిలో భయం, కొత్త బిడ్డ పుట్టడం వంటి కారణాలు వెతకాలి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు నీటమునిగిన సంగతి విదితమే. అటువంటి ఉపద్రవాల తరువాత పిల్లలు నిద్రలో ఉలిక్కిపడటం, తల్లిని వదలకపోవడం, మానిన పక్క తడపడం మళ్ళీ మొదలుకావడం ప్రపంచమంతటా కనిపించేదే. బియ్యం, దుప్పట్లు పంచినంత శ్రద్ధతో ఈ భయాన్నీ పట్టించుకోవలసి ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

ఎంతమంది ఉంటారు?

2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో దేశంలో ఐదుచోట్ల రెండు నుండి తొమ్మిదేళ్ళ పిల్లలను సుమారు నాలుగు వేలమందిని పరీక్షించారు. ఆ ఐదింటిలో హైదరాబాదు ఒకటి. వినికిడి, చూపు, మూర్ఛ, మాట, బుద్ధి, కుదురులేనితనం, ఆటిజం, చదువులో వెనుకబాటు మొదలైన లోపాలలో ఏదో ఒకటి దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి ఉన్నట్టు తేలింది. ఆ లెక్కన ఆ వయసు పిల్లలు 200 మంది ఉన్న ఊళ్ళో 25 మందికి ఏదో ఒక సాయం అవసరమన్నమాట. 2005లో వెలువడిన బెంగళూరు అధ్యయనంలో పదహారేళ్ళలోపు పిల్లల్లో నూటికి 12 మందికి పైగా మానసిక, ప్రవర్తనా సమస్యలు కనిపించాయి.

2015-16లో జరిగిన మొదటి జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుండి 17 ఏళ్ళవారిలో నూటికి ఏడుగురికి పైగా ఈ బాధ ఉన్నట్టు తేలింది. అయితే ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. అటువంటప్పుడు ఊరూరా తిరిగి నర్సింగ్ విద్యార్థినులు సేకరించే సమాచారానికి ఎంత విలువ ఉందో చెప్పనక్కరలేదు. ఆ సమాచారాన్ని ఒకచోట చేర్చితే జిల్లాకు ఒక లెక్క దొరుకుతుంది.

పరిశోధనలో లోపాలు

ఈ పరిశోధనల్లో మూడు లోటుపాట్లు కనిపిస్తాయి.

మొదటిది, చాలావాటిలో తల్లి తెలివిడి కొలుస్తారు గాని బిడ్డ మార్పు కొలవరు. 'పక్క తడిపితే కొట్టరాదు' అని కాగితంమీద సరైన జవాబు చెప్పిన తల్లి ఆ రాత్రి కొట్టలేదని నమ్మకమేమిటి? తెలియడం వేరు, చేయగలగడం వేరు.

రెండవది, వారం రోజులకే మళ్ళీ ప్రశ్నించి ముగించడం. వరిచేనుకు ఎరువు వేసి, వారానికి ఆకు పచ్చబడిందని రాసుకుని, కుప్పనూర్పిళ్ళనాడు గింజ చూడకుండా వెళ్ళిపోయిన చందంగా ఉంది ఇది. ఆరు నెలలకు, ఏడాదికి ఏం మిగిలిందో చూడాలి. ఎరువు వేయని మడి పక్కన ఉంటేనే ఎరువు గుణం తెలిసినట్టు, పాఠం చెప్పని ఊరినీ పక్కన పెట్టి పోల్చాలి. ఇది రైతులకు తెలిసిన సూత్రమే.

మూడవది, ఎక్కువగా తల్లులనే కూర్చోబెట్టడం. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో కూలికి పోయే తల్లి తెల్లవారకుండానే బయలుదేరుతుంది. బిడ్డ మామ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో ఉంటుంది. అన్నం తినిపించడానికి చేతికి సెల్‌ఫోన్ ఇచ్చేది వారే. రెండేళ్ళలోపు పిల్లలకు ఫోను, టీవీ అసలు తగవని, నాలుగేళ్ళ వరకు రోజుకు గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ మాట వినవలసినది మామ్మ. డాక్టరు దగ్గరకు డబ్బు ఇవ్వవలసినది తండ్రి. తాగి వచ్చి ఇంట్లో భయం పెట్టేవాడూ కొన్నిచోట్ల తండ్రే. ఈ ఇద్దరినీ వదిలి తల్లి ఒక్కదానికి పాఠం చెబితే, బిడ్డ జబ్బుకు తల్లి పెంపకమే కారణమనే నింద మరొకటి ఆమె నెత్తిన పడుతుంది. ఆటిజం, మూర్ఛ, బుద్ధి ఎదగకపోవడం వంటివి తల్లి పెంపకం వల్ల వచ్చేవి కావు. ఈ మాట పాఠంలో మొదటి మాట కావాలి.

కుటుంబాన్ని కలుపుకుంటే

ఇంటివారిని వైద్యంలో భాగస్వాములను చేయడం మన దేశానికి కొత్త కాదు. 1950 దశకంలో అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాల్లో ఉంచి, వారికి జబ్బు గురించి బోధించి, వారిచేతనే సేవ చేయించారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనూ 1957 నుండి కుటుంబంతో కలిపి వైద్యం చేసే పద్ధతి నడిచింది.

డాక్టర్లు లేనిచోట ఏం చేయవచ్చో చూపిన ప్రయోగం మరొకటి ఉంది. గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది ఆటిజం పిల్లలపై జరిగిన ఆ అధ్యయనం 2016లో ప్రచురితమైంది. స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలే తల్లిదండ్రులకు బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో నేర్పారు. దానివల్ల జబ్బు మాయమైపోలేదు. కాని బిడ్డ తల్లిదండ్రులతో కలిసి స్పందించడం మెరుగుపడింది. గోవాలో అయిన పని గుడివాడలో ఎందుకు కాదు?

తాయెత్తు దగ్గర, డాక్టరు దూరం

తాయెత్తు కట్టించే తల్లిని అజ్ఞానురాలని తిట్టి లాభం లేదు. తాయెత్తు కట్టేవాడు వీధి చివర ఉంటాడు. అవనిగడ్డ, నాగాయలంక వైపు నుండి మానసిక వైద్యునికోసం విజయవాడ వచ్చిపోవాలంటే ఒకరోజు కూలి, ఇద్దరి బస్సు ఖర్చు పోతాయి. పైగా 'పిచ్చి డాక్టరు'కు చూపించారన్న మాట ఊళ్ళో పొక్కితే రేపు పిల్ల పెళ్ళికి అడ్డమన్న భయం ఒకటి. తాయెత్తు వల్ల బిడ్డకు హాని లేకపోవచ్చు. వాతలవల్ల మాత్రం పుండ్లు, చీము, ధనుర్వాతం ప్రమాదం ఉన్నాయి. పిల్లల పట్ల క్రూరత్వం 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం శిక్షార్హం. బడిలో కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది.

'మొక్కై వంగనిది మానై వంగునా' అని దెబ్బలను సమర్థించేవారున్నారు. మొక్కను వంచేవాడు ఊతకర్ర కట్టి మెల్లగా వంచుతాడు. విరిచేవాడు తోటమాలి కాడు. దెబ్బలకు తాళలేక ఇల్లు విడిచి రైలెక్కే పిల్లలకు విజయవాడ జంక్షన్ ఒక మజిలీ. అటువంటి పిల్లలకోసమే 1989 నుండి నగరంలో నవజీవన్ బాలభవన్ వంటి సంస్థ పనిచేయవలసి వస్తోంది. ఇంట్లోనే సర్దుకోవలసిన సమస్య ప్లాట్‌ఫారం దాకా వెళ్ళడం ఎవరికీ మంచిది కాదు.

సిబ్బంది ఉన్నారు, పని అప్పగించాలి

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్ళి పిల్లలను పరీక్షించాలి. పుట్టుకతో వచ్చిన లోపాలతోపాటు ఎదుగుదలలో ఆలస్యాన్నీ చూడటం వారి విధి. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాల స్థాయిలో ఇవ్వవలసిన 12 రకాల సేవల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. ఆ కేంద్రాల్లో ఎం.ఎల్.హెచ్.పి.లుగా పనిచేస్తున్నది బి.ఎస్.సి. నర్సింగ్ చదివినవారే. అంటే కళాశాలలో ఈ పాఠం చదివిన నర్సమ్మ ఇప్పుడు ఊళ్ళోనే ఉంది. బి.పి., షుగరు లెక్కలు, ఆన్‌లైన్ నమోదులతోనే ఆమె పొద్దు గడిచిపోతే పాఠం చెప్పడానికి తీరిక ఎక్కడిది?

ఇందుకు కొత్త భవనాలు, కోట్ల నిధులు అవసరం లేదు. బిడ్డకు తొమ్మిదో నెలలో, 16 నుండి 24 నెలల మధ్య, ఐదారేళ్ళ వయసులో టీకాలు వేస్తారు. ఆ మూడు సందర్భాల్లో తల్లిని ఐదేసి ప్రశ్నలు అడగవచ్చు. బిడ్డ పిలిస్తే తిరుగుతుందా, మాటలు వస్తున్నాయా, మన్ను తింటుందా, నిద్ర ఎలా ఉంది, బడిలో కుదురుగా ఉంటుందా అనే ప్రశ్నలకు జవాబులు టీకా కార్డుమీదే రాయవచ్చు. సందేహం ఉన్న బిడ్డను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడినుండి జిల్లా కేంద్రానికి పంపే చీటీ ఇవ్వవచ్చు. నెలనెలా అంగన్‌వాడీలో జరిగే ఆరోగ్య పోషణ దినాన ముప్పావుగంట పాఠం పెట్టి, తండ్రులు, మామ్మలు రాగల వేళ చూసి సాయంత్రం మరొకసారి చెప్పవచ్చు.

నర్సింగ్ కళాశాలలు తమవంతుగా ఒక్కొక్క మండలాన్ని దత్తత తీసుకుని, ఏటా కొత్త ఊరు వెతకకుండా అవే కుటుంబాలను మూడు నాలుగేళ్ళు వరుసగా చూడవచ్చు. ఒక ఏటి విద్యార్థిని వదిలినచోట మరుసటి ఏటి విద్యార్థిని అందుకుంటే, బిడ్డలో వచ్చిన మార్పు కూడా లెక్కకు వస్తుంది. విశ్వవిద్యాలయం ఆ గ్రంథాల సారాన్ని పది పేజీల తెలుగు పుస్తకంగా వేసి ఎం.ఎల్.హెచ్.పి.లకు, ఆశాలకు, అంగన్‌వాడీ టీచర్లకు ఇస్తే అల్మరాల్లో ఉన్న చదువు అరుగుమీదికి వస్తుంది.

ఈలోగా తల్లిదండ్రులకు దారి లేకపోలేదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి-మానస్ 14416 నంబరుకు రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే సలహా అడగవచ్చు. పిల్లలపై హింస జరుగుతుంటే 1098కు చెప్పవచ్చు. ఆటిజం, చదువులో ప్రత్యేక వెనుకబాటు కూడా 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో చేరినందున అర్హులైన పిల్లలకు ధ్రువపత్రం పొందే హక్కు ఉంది.

ఎన్.టి.ఆర్., కృష్ణా జిల్లాల వైద్య ఆరోగ్యశాఖ అధికారులు, విశ్వవిద్యాలయం పెద్దలు, నర్సింగ్ కళాశాలల యాజమాన్యాలు ఒకచోట కూర్చుంటే ఈ పని వచ్చే విద్యాసంవత్సరం నుండే మొదలుపెట్టవచ్చు. మొదట ఒక్క మండలంలోనైనా మొదలుపెట్టి ఏడాది తిరిగేసరికి ఎంతమంది పిల్లలను గుర్తించారో, ఎంతమందికి వైద్యం అందిందో లెక్క ప్రకటించాలి. అంతవరకు బుద్ధి లేదని దెబ్బలు తినే పిల్లల్లో ఎంతమందికి కావలసింది బుద్ధి కాదో, ఒక ఇనుము మందు సీసానో, చెవి మిషనో, మూర్ఛ మాత్రో ఎవరికీ తెలియదు.